రెండెకరాల గాలి

పోయినేడు సార్వా వరినాట్లు మొదలయ్యే నాటికి జయకృష్ణ రోజుకు రెండుసార్లు కరెంటు మీటరు దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. పొద్దున పాలకు కిందికి దిగినప్పుడు ఒకసారి, సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా మరొకసారి. జేబులోంచి చిన్న పుస్తకం తీసి అంకె రాసుకునేవాడు. మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య అమలమ్మ ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"సారుకి మీటరు మీద అనుమానమా అమ్మా? బిల్లు ఎక్కువొస్తందా?"

కాదన్నాను. మరి దేనికని అడిగితే పొయ్యి మీద పాలున్నాయని మెట్లెక్కేశాను.

జయకృష్ణ నా భర్త. బీమా కంపెనీలకు సర్వేయరు. దెబ్బతిన్న బండిని చుట్టూ తిరిగి చూసి, ఎంత నష్టమో కాగితం మీద అంకె వేయడం అతని పని. అంతకు ముందు ఏడు సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఇల్లూ మునిగింది. మేమిద్దరం, మా అత్తయ్య రాజ్యలక్ష్మిగారు పై గదిలో ఉండిపోయాం. నాలుగో రోజు పడవ ఎక్కేసరికి అత్తయ్యకు ఒళ్ళు కాలిపోతోంది. న్యుమోనియా అన్నారు. అక్టోబరులో పోయారు. జయకృష్ణ ఏడవలేదు. మూడు నెలల పాటు ఊరంతా తిరిగి మునిగిన కార్లు చూశాడు. తర్వాత సింగ్‌నగర్ ఇంటికి తాళం వేసి, పటమటలో రెండో అంతస్తులో ఫ్లాటు అద్దెకు తీసుకున్నాడు. రాత్రిపూట మాట్లాడటం తగ్గిపోయింది. అన్నం సగంలో వదిలేయడం అలవాటైంది.

విశాఖలో చదువుకుంటున్న మా అమ్మాయి మనోజ్ఞ వేసవి సెలవులకు వచ్చి, వెళ్ళేముందు వాళ్ళ నాన్న ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక పెట్టి వెళ్ళింది. ఒక ఇల్లు ఏడాదికి గాలిలోకి ఎంత కార్బన్ వదులుతుందో లెక్కగట్టే పట్టిక. వాళ్ళ క్లాసులో చేశారట. "నాన్నకి అంకెలు కనబడితే కాస్త కాలక్షేపం అమ్మా" అంది. కాలక్షేపం కాలేదు. కరెంటు, గ్యాసు, పెట్రోలు, పాలు, చెత్త, అన్నీ అందులోకి వెళ్ళాయి. జూన్ ఎండల్లో ఏసీ ఆగిపోయింది. కారు కవరు కప్పుకుని కూర్చుంది. గ్యాసు మానేసి కరెంటు పొయ్యి మీద వండుదామని ఒక వారం, కరెంటు పొయ్యి వెలిగితే ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రంలో బొగ్గు మండుతుంది కదా అని ఇంకో వారం. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అయినా ఏది మంచిదో నాకూ తేలలేదు. అన్నం ఒక పొయ్యి మీద, చారు ఇంకో పొయ్యి మీద పెట్టి ఊరుకున్నాను. అతను దేన్నో ఒకదాన్ని పట్టుకున్నాడు, పట్టుకోనిద్దాం అనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున టిఫిను దగ్గర అడిగాడు.

"ఉషా, మీ నాన్నగారి చేను మన లెక్కలో వేయలేదు."

"చేనుకీ మన కరెంటుకీ ఏంటండి సంబంధం?"

"కరెంటు కాదు. మీథేన్. నువ్వే కదా పిల్లలకు చెప్పేది."

నేనే చెబుతాను. నీళ్ళు నిలిచిన బురదలో అడుగుకు గాలి తగలదు, అక్కడ కుళ్ళే చెత్తలోంచి మీథేన్ పుడుతుంది, కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది అని ఏటా బోర్డు మీద రాస్తాను. అది ఉయ్యూరు దాటాక ఉన్న మా రెండెకరాల సంగతి అని ఎప్పుడూ అనుకోలేదు.

"చేను నాదే కానీ కౌలుకి చేసేది శౌరమ్మ కదండి" అన్నాను.

"పొలం ఎవరి పేరు మీద ఉంది?"

"నా పేరే. పంట మాత్రం ఆమెది."

"కౌలు బియ్యం మనం తింటున్నాం కదా."

అతను పట్టికలో కొత్త వరస తెరిచాడు. ఇల్లంతా కలిపి ఏడాదికి నాలుగు టన్నులు వస్తే, ఆ రెండెకరాలు ఒక్క సార్వాకే మూడు టన్నుల పైన చూపించాయి. జయకృష్ణ ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"రెండు నెలలు ఏసీ ఆపి మిగిల్చింది ఆ చేను పదకొండు రోజుల్లో ఊదేస్తుంది" అన్నాడు.

జూలై చివర్లో ఇద్దరం బస్సెక్కి ఉయ్యూరు వెళ్ళాం. జయకృష్ణ ఒళ్ళో గోనెసంచి, అందులో మూరెడు పొడవున్న తెల్లటి పీవీసీ గొట్టాలు రెండు. చుట్టూ చిల్లులు అతనే పొడిచాడు. అక్కడ ఆటో మాట్లాడుకుని చేను దగ్గరికి వెళ్ళేసరికి శౌరమ్మ గట్టు మీద నిలబడి ఉంది. నాటు వేసి పది రోజులైంది.

శౌరమ్మ నాన్న రోజుల నుంచి, పన్నెండేళ్ళుగా మా చేను చేస్తోంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. భర్త పోయాడు. డిగ్రీ చదివి పరీక్షలకు తయారవుతున్న కూతురు డయానా, తనూ ఉంటారు. నాన్న ఉన్నప్పుడు నన్ను అమ్మాయిగారూ అని పిలిచేది, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. నేను ఆమెను నువ్వు అంటాను. ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు.

జయకృష్ణ చెప్పుల్తోనే బురదలోకి దిగి గొట్టం పాతి చూపించాడు.

"ఇదిగోండి, ఇందులోకి చూస్తే లోపల నీళ్ళు ఎంత కిందికి పోయాయో తెలుస్తుంది. చేనులో నీళ్ళు తీసేయాలి. గొట్టంలో నీళ్ళు జానెడు లోతుకు పోయిందాకా ఆగాలి. అప్పుడు మళ్ళీ పెట్టాలి. వరికేం కాదు. పూత సమయంలో మాత్రం తీయకూడదు."

"నీళ్ళు తీసేయాలాండి?" అంది శౌరమ్మ.

"అవునండి. ఆరితే నేలకి గాలి ఆడుతుంది. చెడ్డ గాలి పైకి రాదు."

శౌరమ్మ గొట్టం వైపు చూసింది. తర్వాత కాలువ నీళ్ళు తెచ్చే పంటబోదె వైపు చూసింది. చివరికి నా వైపు చూసింది. ఏదైనా అడుగుతుందేమో అనుకున్నాను. నేను తల ఊపాను.

"అట్టాగేనండి" అంది.

"ప్రతి ఆదివారం గొట్టంలో స్కేలు పెట్టి ఒక ఫోటో పంపిస్తే చాలు" అన్నాడు జయకృష్ణ. "డయానా పంపుతుందిగా?"

"పంపుద్దండి."

ఆ సాయంత్రం బస్సులో అతను కిటికీ పక్కన కూర్చుని, చాలా రోజుల తర్వాత, వేరుశనక్కాయలు కొందామా అని అడిగాడు.

ఆగస్టు రెండో ఆదివారం నుంచి ఫోటోలు రావడం మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి డయానా పంపేది. తెల్ల గొట్టం, లోపల ప్లాస్టిక్ స్కేలు, చుట్టూ ఆరిన బురద, నాలుగు వరి దుబ్బులు. కొలత కనబడాలంటే దగ్గర నుంచి తీయాలని జయకృష్ణే చెప్పాడు. అతను ఫోటోను పెద్దది చేసి చూసి, "పదమూడు సెంటీమీటర్లు" అనేవాడు. పట్టికలో వేసేవాడు. కింద మొత్తం అంకె తగ్గేది. మనిషి కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకునేవాడు.

ఆ అంకె తగ్గుతున్నకొద్దీ మా ఇంట్లో ఏవో మారుతూ వచ్చాయి. అన్నం పూర్తిగా తినడం మొదలుపెట్టాడు. మనోజ్ఞతో ఫోనులో పావుగంట మాట్లాడాడు. సెప్టెంబరు మొదటి వారంలో మూడు రోజులు వాన వదలకుండా పడింది. ఏడాది కిందటి వాన గుర్తొచ్చి మళ్ళీ ముడుచుకుపోతాడేమోనని నేను భయపడ్డాను. ఒకసారి బాల్కనీలోకి వెళ్ళి చూసి వచ్చి, "ఈ వానకి చేను ఆరదు, ఈ వారం కొలత రాదేమో" అన్నాడు, అంతే. ఆదివారం ఫోటో వచ్చింది. తొమ్మిది సెంటీమీటర్లు. అంత వానలోనూ చేను ఆరిందే అని మెచ్చుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను. నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

దసరా సెలవుల్లో మా కాలేజీలో తోటి లెక్చరరు కూతురు కూచిపూడి ఊళ్ళో నాట్యం చేస్తుంటే చూడటానికి వెళ్ళాను. మర్నాడు పొద్దున తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఉయ్యూరులో ఆగింది. ఇంకా పదకొండు గంటలే అయింది. ఎలాగూ ఇంత దూరం వచ్చాను, చేను చూసి వెళ్దామనిపించి దిగాను.

చేను నిండా నీళ్ళున్నాయి. గట్టు మీద నిలబడి చూస్తే దుబ్బుల మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి, కప్పలు గెంతుతున్నాయి. పైరు కంకి వేసే ముందు పొట్ట మీదుంది, ఏపుగా ఉంది. గొట్టం పాతిన మూలకు వెళ్ళి వంగి వెతికాను. లేదు. రెండో మూల కూడా చూశాను. అక్కడా లేదు.

శౌరమ్మ ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. దడి తీసి లోపలికి వెళ్ళేసరికి డయానా బోరింగు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. ఆ పిల్ల ముందు నీలం డ్రమ్ము సగానికి కోసిన తొట్టి. తొట్టిలో బురద. బురదలో తెల్ల గొట్టం. గొట్టం చుట్టూ నాలుగు వరి దుబ్బులు.

డయానా నన్ను చూసి లేచి నిలబడింది. చేతిలోని స్కేలు వెనక్కి దాచింది, తర్వాత దాచి ప్రయోజనం లేదనుకుందేమో ముందుకు తెచ్చింది.

"అమ్మ మేకకి ఆకు తేవడానికి వెళ్ళింది మేడమ్."

"ఇదేంటి డయానా?"

"సార్ చెప్పినట్టే చేశాం మేడమ్. నీళ్ళు పెట్టడం, తీయడం, జానెడు కిందికి పోయాక మళ్ళీ పెట్టడం. ఒక్కరోజు కూడా తప్పలేదు. వానొస్తే పైన పట్టా కప్పేదాన్ని." ఆ పిల్ల స్కేలును గొట్టంలో నిలబెట్టింది. "ఫోటోల్లో కొలతలన్నీ నిజమే మేడమ్. కావాలంటే చూడండి."

వంగి చూశాను. తొట్టిలో వరి బాగుంది. చేనులో దుబ్బులకేమీ తీసిపోలేదు. ఒక దుబ్బుకైతే కంకి కూడా తొంగి చూస్తోంది. నాకు కోపం తెచ్చుకోవాలనిపించింది కానీ దేని మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

శౌరమ్మ ఆకుమోపుతో వచ్చింది. నన్ను, తొట్టిని చూసి మోపు కింద పడేసింది.

"మొదట తీశానండి" అంది. "ఆగస్టు మొదట్లో. సారు చెప్పిన ఎనిమిదో రోజు గండి కొట్టి నీళ్ళన్నీ మురుక్కాలవలోకి వదిలేశా. నాలుగో రోజుకి మన వంతు నీళ్ళు రావాలి. పైన ఎక్కడో కాలవ గట్టు తెగిందన్నారు. తొమ్మిది రోజులు చుక్క రాలేదండి. మనది శివారు చేను, అందరికంటే ఆఖర్న నీళ్ళొచ్చేది. నేల కాలు దూరేంత పగుళ్ళు పట్టింది. ఊద కలుపు మొలిచింది. నేనూ ఇదీ ఆరు రోజులు వంగి పీకాం."

"చెప్పొచ్చు కదా శౌరమ్మా."

"ఎట్టా చెప్పేదండి? సారు చెప్పులేసుకుని బురదలో దిగి మరీ చెప్పారు. మీరు తలూపారు." కొంగుతో మెడ తుడుచుకుంది. "చెయ్యనంటే వచ్చే ఏడు చేను ఇంకొకళ్ళకి ఇస్తారేమోనని. కాగితం ఏమన్నా ఉందాండి? నోటి మాటేగా."

"చేను ఎందుకు తీసేస్తాం?"

ఆమె నన్ను చూసిన చూపులో నేను అబద్ధం చెబుతున్నానన్న అనుమానం లేదు. నాకు తెలియని విషయం మాట్లాడుతున్నాననుకున్నట్టుంది.

తిరుగు బస్సులో కంకిపాడు దాటేదాకా అదే ఆలోచన. ల్యాబులో పిల్లలకు నేను మార్కులేసేది కొలత జాగ్రత్తగా తీశారా లేదా అని చూసి. ఆ లెక్కన డయానాకు నూటికి నూరు వేయాలి. కొలత నిజం. కొలిచిన చోటు తప్పు. మరి చేనులో నీళ్ళు నిలబెట్టింది తప్పా? నిలబెట్టకపోతే పంట పోయేది, అది ఒప్పా? ఆ గాలి ఎవరి పేరున రాయాలి, నా పేరునా, శౌరమ్మ పేరునా, ఆ బియ్యం తినే వాళ్ళ పేరునా, తెగిన గట్టు పేరునా? బెంజి సర్కిల్లో దిగేసరికి ఒక్కటే తేల్చుకున్నాను. జయకృష్ణకు చెప్పకూడదు. అంకె తగ్గినందుకు అతను అన్నం తింటున్నాడు. నాకు అది చాలు.

రెండు వారాలు చెప్పలేదు, డయానాను ఆపమనీ అనలేదు. ఆదివారాలు రెండు ఫోటోలు వచ్చాయి. అతను చూస్తుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

అత్తయ్య సంవత్సరీకం నాడు భోజనానికి నలుగురైదుగురు వచ్చారు. అందులో మా నాన్న స్నేహితుడు దుర్గాప్రసాద్‌గారు ఒకరు. ఆయనకు ఉయ్యూరు వైపు చాలా పొలం ఉంది, అంతా కౌలుకిచ్చి గవర్నర్‌పేటలో ఉంటారు. జయకృష్ణ ఆయనకు ఫోటోలు వరసగా చూపించాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశారు.

"బావుందయ్యా. వచ్చే ఆదివారం మా వాళ్ళందరినీ పిలుస్తాను, మా ఇంట్లోనే. పొలాలున్నవాళ్ళం ఇరవైమంది దాకా ఉంటాం. నువ్వొచ్చి ఇదంతా చెప్పు."

"తప్పకుండానండి. కౌలు చేసేవాళ్ళు ఒప్పుకోవాలి కదా మరి."

"ఒప్పుకోకేం?" దుర్గాప్రసాద్‌గారు ఆకులో పప్పు కలుపుకుంటూ మామూలుగానే అన్నారు. "గొట్టాలు మనమే ఇద్దాం. నీళ్ళు తీసినవాడు చేస్తాడు. తీయనివాడికి వచ్చే ఏడు చేను ఉండదు. అంతే కదా. కాస్త చారు వేయమ్మా ఉషా."

నేను చారు వేశాను. అన్నం దాటి ఆకు అంచు మీద పోశాను.

అందరూ వెళ్ళాక, మూడున్నరకు, జయకృష్ణ హాల్లో చాప మీద నడుం వాల్చి ఉండగా చెప్పాను. ఉయ్యూరులో దిగిన దగ్గర నుంచి తొట్టి దాకా ఏదీ వదలకుండా చెప్పాను. రెండు వారాలు దాచానని కూడా చెప్పాను. అతను లేచి కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. ఫోను తీసి ఫోటోలు మొదటి నుంచి ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు.

"ఆగస్టు ఇరవై నాలుగు ఫోటోలోనే ఉంది" అన్నాడు. ఫోను నా వైపు తిప్పాడు. గొట్టం వెనకాల, ఒక మూల, వేలి మందాన నీలం అంచు. "చూశాను. చూసి కూడా ఏదో నీడలే అనుకున్నాను. నేను సర్వేయర్ని ఉషా."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఏం మాట్లాడతారని అడిగితే, తెలియదన్నాడు. మేం వస్తున్నట్టు నేను డయానాకు ఫోను చేసి చెప్పాను, భయపడొద్దని కూడా చెప్పాను. ఆ రెండో మాట నమ్మినట్టు లేదు. మేం వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

జయకృష్ణ తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. కంకులను వేలితో కదిపి చూశాడు. గొట్టంలోకి చూశాడు.

"మొదటిసారి చేనులో తీసినప్పుడు నీళ్ళు ఎన్ని రోజులకు వచ్చాయండి?"

"తొమ్మిది రోజులకండి" అంది శౌరమ్మ.

"నాకు ఫోను చేసి ఉండాల్సింది."

"చేస్తే ఏం చేస్తారు సార్? కాలవ మీ మాట వింటదా?" అని, ఎక్కువ మాట్లాడాననుకుందేమో వెంటనే గొంతు తగ్గించింది. "తప్పేనండి. నీళ్ళొస్తయ్యి, ఒక్క రోజు ఆగుదాం, ఒక్క రోజు ఆగుదాం అని చూశా. పగుళ్ళు చూశాక భయమేసింది. ఇంక తియ్యబుద్ధి కాలేదు."

జయకృష్ణ తలెత్తకుండా తొట్టి అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"మా ఇంటికి మొదటి రోజు సాయంత్రమే పడవ వచ్చిందండి" అన్నాడు. "సింగ్‌నగర్‌లో. మెట్ల దాకా వచ్చారు, పెద్దావిడని ఎక్కించమన్నారు. నేనే వద్దన్నాను. అప్పటికి గోడ మీద సుద్దతో గీతలు పెట్టి చూస్తున్నాను. నీళ్ళు గంటకి రెండంగుళాలు దిగుతున్నాయి. ఆ లెక్కన తెల్లారేసరికి వీధిలో నేల కనబడాలి. అమ్మని ఆ చీకట్లో పడవలో ఎందుకు తిప్పడం అనుకున్నాను."

"దిగలేదాండి?" అంది శౌరమ్మ.

"మళ్ళీ పెరిగాయి."

ఆ సాయంత్రం నేను పై గదిలో అత్తయ్యకు పక్క సర్దుతున్నాను. పడవ వచ్చిందని నాకు తెలియదు. పదమూడు నెలల తర్వాత, పరాయివాళ్ళ పెరట్లో, బోరింగు పక్కన నిలబడి విన్నాను. అతని దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియక అక్కడే ఉండిపోయాను.

శౌరమ్మ లోపలికి వెళ్ళి మడత కుర్చీ తెచ్చి వేసింది.

"లేచి కూర్చోండి సార్. మోకాళ్ళు పట్టేస్తయ్యి. నీళ్ళ సంగతి ఎవరికి తెలుసుద్దండి."

అతను లేచి కూర్చున్నాడు. డయానా టీ పెట్టింది. ఆ టీ అతను మొత్తం తాగాడు.

ఇంటికి వచ్చాక దుర్గాప్రసాద్‌గారికి ఫోను చేశాడు. మా ఫోటోలు చేనులోవి కావని, తప్పు తనదేనని, కాలువ నీళ్ళు ఖాయంగా వచ్చే పొలాల్లో తప్ప శివారు చేలల్లో ఇది కుదరదని, కౌలువాళ్ళను బలవంతం చేయొద్దని చెప్పాడు. అవతల నుంచి నవ్వు వినబడింది. "చూద్దాంలేవయ్యా" అన్నారట. ఆ ఆదివారం జయకృష్ణ వెళ్ళలేదు. సమావేశం మాత్రం జరిగింది. నవంబరులో రెండు మూడు చేలల్లో తెల్ల గొట్టాలు కొత్తగా కనబడుతున్నాయని డయానా చెప్పింది. అవి చూసి నీళ్ళు తీస్తున్నారో, వాళ్ళ ఇళ్ళలోనూ తొట్లు ఉన్నాయో మాకు తెలియదు.

పట్టికలో చేను వరసంతా జయకృష్ణ చెరిపి మళ్ళీ రాశాడు. మేం మొదలుపెట్టిన చోటుకే వచ్చాం. ఏసీ ఆపిన వేసవి, కవరు కింద కారు, రెండు పొయ్యిల వంట, అన్నీ కలిపినా ఆ పెద్ద అంకె ముందు ఆనలేదు. ఆ రోజు అతను అన్నం తినడేమోనని చూశాను. తిన్నాడు. తిని, చేయి కడుక్కుని వచ్చి, "సింగ్‌నగర్ ఇల్లు ఒకసారి తీసి చూద్దామా" అన్నాడు. సరేనన్నాను. ఇంకా వెళ్ళలేదు, కానీ తాళంచెవి ఎక్కడుందో ఇద్దరం కలిసి వెతికి పెట్టుకున్నాం. మీటరు దగ్గరికి ఇప్పుడు వారానికి ఒకసారే వెళుతున్నాడు. ఇది నయం కావడమో, విసుగు పుట్టడమో నాకు తెలియదు. అడగలేదు.

డిసెంబరు మొదట్లో కోత అయ్యింది. పంట బాగానే వచ్చింది. ఆ వారం నేను ఒక్కదాన్నే వెళ్ళి శౌరమ్మను వాళ్ళ ఊరి సచివాలయానికి తీసుకెళ్ళాను. చేను చేసేది తనేనని సర్కారు ఇచ్చే కౌలు కార్డుకు పొలం యజమాని ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ కాగితం ముట్టుకోలేదు. సంతకం పెడితే పొలం చెయ్యి దాటిపోతుందనేవారు. ఆయన చెప్పింది నిజమేమోనని నాకూ లోపల భయంగానే ఉంది. బల్ల వెనకాల కూర్చున్న అమ్మాయి ఆధార్ చూసి, "మీ అంతట మీరే వచ్చారా మేడమ్?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. అవునని మూడు చోట్ల సంతకం పెట్టాను.

బయటికి వచ్చి మెట్ల మీద ఆటో కోసం ఆగాం. శౌరమ్మ రసీదును మడిచి జాకెట్లో పెట్టుకుంది. కాసేపు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నిలబడింది.

"అయితే వచ్చే సార్వాకి చేనులో నీళ్ళు తియ్యాల్సిందేగా అమ్మాయిగారూ. ఎప్పుడెప్పుడు తియ్యాలో సారుని కాస్త ముందే చెప్పమనండి."

"సంతకం దానికోసం పెట్టలేదు శౌరమ్మా."

"మరి దేనికోసమండి?"

జవాబు ఉందనుకునే వచ్చాను. ఆమెకు న్యాయం చేద్దామనా, నా మనసు తేలికపడాలనా, ఇకనైనా నాకు నిజం చెబుతుందనా?

"నీళ్ళు తియ్యాలో వద్దో నీ ఇష్టం" అన్నాను.

ఆమె మొహంలో భయం కనబడింది. పన్నెండేళ్ళలో ఆ మాట మా ఇంటి నుంచి ఎవరూ అనలేదు. అందులో మెలిక ఎక్కడుందా అని చూస్తోంది.

"నా ఇష్టమంటే ఏం చెయ్యాలండి?"

"నాకు తెలియదు" అన్నాను. "నిజంగానే తెలియదు శౌరమ్మా. తీస్తే గాలికి మంచిది. కాలువ రాకపోతే నీ పంట పోతుంది. నువ్వైతే ఏం చేస్తావు?"

రోడ్డు మీద గడ్డి ట్రాక్టరు ఒకటి వెళ్ళింది.

"అయితే ముందు మన బోదె సంగతి చెప్పాలండి మీకు" అంది. "అసలు పై చేలవాళ్ళు నీళ్ళు ఎట్టా కడతారో, మన దాకా ఎన్ని రోజులకొస్తదో. అది తెలియకుండా తియ్యమనీ అనకూడదు, వద్దనీ అనకూడదు. చాలాసేపు పట్టుద్ది మరి."

ఆటో వచ్చి ఆగింది. తర్వాత వస్తామని చెప్పి పంపేశాను. మెట్టు మీద కూర్చుని పక్కకు జరిగాను. ఆమె నిలబడే మొదలుపెట్టింది. పై చేలు, తూములు, ఎవరి వంతు ఎవరు దాటేస్తారో పేరుపేరునా చెప్పుకుంటూ వచ్చి, సగంలో ఎక్కడో, తనకు తెలియకుండానే నా పక్కన కూర్చుంది.